స్పెయిన్‌లో మార్కెట్‌కి వెళ్తే సంచి పట్టుకుని వెళ్ళండి

మా తమ్ముడు వాలెన్సియాలో ఉద్యోగం చేస్తున్నాడండి. పోయినేడు ఏప్రిల్‌లో అమ్మని తీసుకుని మూడు వారాలు వాడి దగ్గర ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి పాలకొల్లులో, భీమవరంలో తెలిసినవాళ్ళు ఎవరు స్పెయిన్ బయల్దేరినా, పిల్లల దగ్గరికైనా టూర్ మీదైనా, ఫోన్ చేసి అక్కడ ఏం చూడాలి అని అడుగుతున్నారు. చర్చిలు, కోటలు, మ్యూజియంలు టూర్ వాళ్ళే చూపిస్తారు. వాళ్ళు సరిగ్గా చూపించనిది మార్కెట్ ఒక్కటే, ఎందుకంటే అరగంట టైమిచ్చి ఫోటోలు దిగి బస్సెక్కమంటారు. నేను చెప్పేది ఏంటంటే మార్కెట్‌కి చూడ్డానికి వెళ్ళకండి, కొనడానికి వెళ్ళండి. పావుకేజీ టమాటాలైనా పర్లేదు. చేతిలో సంచి ఉన్న మనిషితో వాళ్ళు మాట్లాడే తీరు వేరు, ఫోన్ పట్టుకుని నడిచే మనిషిని చూసే చూపు వేరు, ఈ తేడా నాకు రెండో రోజుకే అర్థమైపోయింది.

ముందు టైము సంగతి, ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. వాలెన్సియాలో మెర్కాదో సెంట్రల్ అనే పెద్ద మార్కెట్ సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున్న ఏడున్నరకి తెరిచి మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు. ఆదివారం సెలవు. మన వాళ్ళకి ఆదివారం అంటేనే చేపల బజారు కదా, అక్కడ సరిగ్గా రివర్స్. ఇంకోటి, సోమవారం చేపలకి మంచి రోజు కాదు, ఆదివారం పడవలు వేటకి వెళ్ళవు కాబట్టి సోమవారం బల్లల మీద సరుకు తక్కువ, కొన్ని చేపల కొట్లు అసలు తెరవరు కూడా. చేపలు చూడాలంటే మంగళవారం నుంచి శుక్రవారం లోపు వెళ్ళండి. శనివారం సరుకు బాగుంటుంది గానీ ఊరంతా అక్కడే ఉంటుంది. తొమ్మిది, పది మధ్య వెళ్తే అన్నీ సర్ది ఉంటాయి, మనుషులు పల్చగా ఉంటారు, అమ్మేవాళ్ళకి ఓపికా ఉంటుంది. ఒంటిగంట దాటాక వెళ్తే ఇళ్ళకి వెళ్ళి వంట చేసుకోవాల్సిన వాళ్ళ హడావుడిలో మీరు అడ్డం అవుతారు. ఆగస్టులో వెళ్తే చాలా కొట్లకి షట్టర్ దించి సెలవు బోర్డు ఉంటుంది, అది మార్కెట్ పడిపోవడం కాదు, వాళ్ళ ఎండాకాలం సెలవులు. కొన్ని ఊళ్ళలో, మాడ్రిడ్‌లో పేటల మధ్య ఉండే మార్కెట్లలో ముఖ్యంగా, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కొట్లు కట్టేసి సాయంత్రం మళ్ళీ తెరిచేవాళ్ళు ఉంటారు, అది చూసుకుని వెళ్ళండి.

లోపలికి వెళ్ళగానే ఏమీ కొనకండి. ఒక రౌండ్ ఊరికే తిరగండి. మెర్కాదో సెంట్రల్ చిన్నదేం కాదు, ఎనిమిది వేల చదరపు మీటర్ల పైనే, 1914లో కట్టడం మొదలుపెట్టి 1928లో తెరిచారు, ఇనుము, రంగు అద్దాలు, టైల్స్‌తో కట్టిన గోపురాల కింద కూరగాయలు, మాంసం, మసాలాలు, ఎండు సరుకు అన్నీ వరసలు వరసలుగా ఉంటాయి, చేపల బజారు మాత్రం పక్కన విడిగా ఉంటుంది. గోపురం పైన గాలి ఎటు వీస్తోందో చూపించే చిలక బొమ్మ ఒకటుంటుంది, బయటికి వచ్చాక తలెత్తి చూడండి. చేపల భాగం విడిగా ఉండటం శాకాహారులకి పెద్ద సాయం. కాకపోతే మాంసం కొట్లు మాత్రం కూరగాయల మధ్యలోనే తగులుతాయి, పంది కాళ్ళు పైనుంచి వేలాడుతూ ఉంటాయి, తోలు తీసిన కుందేళ్ళు బల్ల మీద పడుకోబెట్టి ఉంటాయి, పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి. మా అమ్మకి నేను చెప్పలేదు, మొదటి ఐదు నిమిషాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే నడిచింది పాపం.

ఇప్పుడు క్యూ. అక్కడ క్యూ కనపడదు కానీ ఉంటుంది. కొట్టు ముందు నలుగురు ఆడవాళ్ళు చెల్లాచెదురుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే ఖాళీగా ఉంది కదా అని మేం నేరుగా ముందుకెళ్ళి నిలబడ్డాం, ఒకావిడ నెమ్మదిగా నా మోచెయ్యి తట్టి ఏదో చెప్పింది, తమ్ముడు పక్కన లేడు, ఏం తప్పు చేశామో అర్థం కాలేదు. తర్వాత వాడు చెప్పాడు. కొట్టు దగ్గరికి రాగానే గట్టిగా "కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?" అని అడగాలి, ఆఖరివాళ్ళు ఎవరు అని అర్థం. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఇక మీరు ఎక్కడైనా నిలబడొచ్చు, పక్క కొట్లో వంకాయలు చూసి రావొచ్చు కూడా, ఆ మనిషి తర్వాత మీ వంతు, అంతే. మీ తర్వాత వచ్చినవాళ్ళు అదే మాట అడిగితే మీరు చెయ్యెత్తాలి, అది మర్చిపోకండి. ఈ ఒక్క వాక్యం బట్టీ పట్టి వెళ్ళండి, మిగతా స్పానిష్ రాకపోయినా పర్లేదు. కొన్ని కొట్ల దగ్గర ఎర్రటి నత్త ఆకారంలో చిన్న డబ్బా ఉండి దాన్నుంచి నంబర్ చీటీ వేలాడుతుంటుంది, అది ఉంటే అడగక్కర్లేదు, చీటీ లాక్కుని పైన బోర్డులో మీ నంబర్ వచ్చేదాకా ఆగడమే.

దగ్గరికెళ్ళగానే ముందు పలకరించాలి. "ఓలా, బ్వెనోస్ దీయాస్" అనండి, వాలెన్సియాలో అయితే "బోన్ దీయా" అంటే ఇంకా సంతోషిస్తారు, అది వాళ్ళ సొంత భాష. మన దగ్గర బేరగాడు వస్తూనే "కేజీ ఎంత" అంటాడు, అక్కడ అలా అడిగితే మొహం మాడుస్తారు. పలకరించాక "మే పోనే" అని మొదలుపెట్టండి, నాకు పెట్టండి అని అర్థం, "మే పోనే మెదియో కీలో" అంటే అరకేజీ, "ఉన్ క్వార్తో" అంటే పావు, "సియెన్ గ్రామోస్" వంద గ్రాములు. రేటు అడగాలంటే "ఆ క్వాంతో ఎస్తా?". అయిపోయాక "నాదా మాస్, గ్రాసియాస్", ఇంకేం వద్దు థాంక్స్ అని. అమ్మేవాళ్ళు మిమ్మల్ని "రెయ్‌నా", "గ్వాపా" అని పిలుస్తారు, రాణీ, అందగత్తే అని, మన దగ్గర కూరగాయల ఆవిడ "రా బంగారం, ఏం కావాలమ్మా" అన్నట్టే, కంగారు పడకండి.

బేరం ఆడకూడదు. ఇది మన వాళ్ళకి కష్టం, నాకు తెలుసు. రేటు చీటీ మీద రాసి ఉంటుంది, అంతే, తగ్గదు. కానీ కొసరు ఉంటుందండి! చేపలు కొన్నాక ఆవిడ సంచిలో ఒక కట్ట పెరెహీల్ పడేసింది, పార్స్‌లీ అంటారే, కొత్తిమీర లాగా ఉండే ఆకు, డబ్బులు తీసుకోలేదు. అమ్మ నా వైపు తిరిగి "ఇదెంతే" అంది, ఊరికే ఇచ్చిందమ్మా అంటే నమ్మలేదు, చీటీ తీసి చూపించాను. మన దగ్గర కూరలు కొంటే రెండు రెబ్బలు కరివేపాకు వేస్తారే, అచ్చం అదే. అడిగి తీసుకోవడం ఎక్కడా చూడలేదు గానీ కొనేవాళ్ళకి చాలాచోట్ల ఇస్తారు.

పళ్ళూ కూరగాయలు చేత్తో ముట్టుకోకూడదు. ఇది రెండో పెద్ద రూల్. నొక్కి చూడ్డం, వాసన చూడ్డం, మంచివి ఏరుకోవడం ఏమీ లేవు, వాళ్ళే ఏరి పెడతారు. మొదట్లో మచ్చలవి అంటగడతారేమో అని నాకూ భయం వేసింది, కానీ చిన్న కిటుకు ఉంది, ఎప్పుడు తింటారో చెప్పండి. "పారా ఓయ్" అంటే ఇవాళ తినడానికి, "పారా మన్యానా" అంటే రేపటికి. ఆ మాట అంటే ఆవిడ చెయ్యి వేరే గంపలోకి వెళ్తుంది, అవకాడో అయినా సపోటా లాంటి మెత్తటి పళ్ళైనా సరిగ్గా ఆ రోజుకి పండేవి తీసి ఇస్తుంది. మేం వెళ్ళిన ఏప్రిల్‌లో నీస్పెరో అని పసుపు పళ్ళు వచ్చాయి, పెద్ద ఉసిరికాయంత ఉంటాయి, తొక్క తీసేస్తే పుల్లగా తియ్యగా నీళ్ళు కారతాయి, లోపల నున్నటి గోధుమరంగు పిక్కలు, అవి ఒక్క కేజీ తెచ్చుకుని బాల్కనీలో కూర్చుని తినేశాం. చలికాలం వెళ్ళేవాళ్ళు చిరిమోయా అడగండి, అది మన సీతాఫలానికి సొంత చెల్లెలు, గ్రనాడా వైపు సముద్ర తీరంలో పండుతుంది, గింజలు తక్కువ, కండ ఎక్కువ. అరటిపండ్లలో మచ్చలు ఉన్న చిన్నవి కనబడితే అవి కానరీ దీవులవి, ప్లాతనో అంటారు, దిగుమతి అరటిని బనానా అని వేరే పేరుతో పిలుస్తారు. రావులపాలెం అరటి మార్కెట్ చూసి పెరిగినవాళ్ళం కదా, మచ్చలంటే మనకి భయం లేదు, అవే తియ్యగా ఉంటాయి, తీసుకోండి.

రేటు చీటీలు చదవడం గురించి ఒక మాట. చుక్క బదులు కామా వాడతారు, 3,50 అంటే మూడున్నర యూరోలు. పక్కన "కేజీ" ఉందా, "ఊని" అంటే ఒక్కదానికా, "మనోహో" అంటే కట్టకా చూసుకోండి. ముఖ్యంగా 100 గ్రాములకి రాసిన రేట్లు. ఒక టూరిస్టు మార్కెట్లో గేటు పక్కనే ఉన్న కొట్లో ఎండు పళ్ళు, బాదం కలిపి కొన్నాను, రేటు తక్కువే అనుకున్నా, తూకం అయ్యాక బిల్లు చూస్తే చేతులు చల్లబడ్డాయి, అది వంద గ్రాముల రేటని అప్పుడు చూశాను. గేటుకి దగ్గరగా, పళ్ళు ముక్కలు కోసి గ్లాసుల్లో పెట్టి అమ్మే కొట్లు టూరిస్టుల కోసం, లోపలికి నాలుగు వరసలు నడిస్తే అక్కడి ముసలమ్మలు చక్రాల సంచులు లాక్కుంటూ కొనే కొట్లు వస్తాయి, అక్కడ కొనండి. కార్డు చాలాచోట్ల తీసుకుంటారు కానీ చిన్న మొత్తాలకి చిల్లర ఉంచుకోండి. ప్లాస్టిక్ కవర్లకి డబ్బులు తీసుకుంటారు కాబట్టి గుడ్డసంచి ఉండాలి.

ఇప్పుడు చేపల దగ్గరికి వద్దాం, గోదావరి జిల్లాల మనిషికి అసలు పండగ ఇక్కడే. ఐసు మీద ఏటవాలుగా పేర్చి ఉంటాయి, వాసన అసలు రాదు, నేల కడిగి తుడిచి ఉంటుంది. పేర్లు తెలియకపోయినా కళ్ళు గుర్తుపట్టేస్తాయి. బొకెరోన్ అంటే మన నెత్తళ్ళ జాతి, సార్దీనా అంటే కవళ్ళు, కబాయా అంటే కానాగంతల్లాంటిది, లూబీనా చూడగానే అమ్మ పండుగప్ప అంది, తలా పొలుసూ చూస్తే అలాగే అనిపిస్తుంది. అంగీలా అని పాములా ఉండే మలుగు చేప కూడా అమ్ముతారు, వాలెన్సియా పక్కన అల్బుఫేరా అని పెద్ద మంచినీటి సరస్సు ఉంది, అక్కడి వాళ్ళు వెల్లుల్లి, ఎండు మిరప పొడి వేసి మలుగు పులుసు చేస్తారు, ఆల్ ఇ పెబ్రే అని దాని పేరు. పులస లేదండి, అడగకండి, ఆ చేప గోదావరికి ఎదురీదాల్సిందే.

ప్రతి చేప దగ్గరా చిన్న చీటీ ఉంటుంది, దాన్ని తప్పకుండా చదవండి. యూరప్ చట్టం ప్రకారం చేప పేరు, సైంటిఫిక్ పేరు, ఎక్కడిది, వేటాడిందా పెంచిందా, ఐసులో గడ్డకట్టించి మళ్ళీ కరిగించిందా అన్నీ అందులో ఉండాలి. "పెస్కాదో" అంటే వేటది, "దే క్రియా" అంటే చెరువులోనో వలల్లోనో పెంచింది, "దెస్‌కోంహెలాదో" అంటే కరిగించింది. రొయ్యల దగ్గర ఆ చీటీ మీద వంగి చదువుతుంటే వన్నామెయ్ అని ఉంది! మన చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య. దేశం ఈక్వడార్ అని రాసి ఉంది. మా మేనమామ వాళ్ళకి భీమవరం పక్కన రొయ్యల చెరువులు, కౌంట్ పడిపోయిందని, రేటు పడిపోయిందని, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయని రాత్రుళ్ళు గట్ల మీద పడుకునే మనుషులు వాళ్ళు, ఆ పేరు అంత దూరంలో ఐసు మీద కనబడేసరికి నేను అక్కడే నిలబడిపోయాను. కళ్ళతోనే కౌంట్ వేసేశాను, అంటే కేజీకి ఎన్ని తూగుతాయో, ముప్పైకి అటూఇటూ ఉంటుంది. ఫోటో తీసి మావయ్యకి పంపితే ఆయన మొదట అడిగింది కేజీ ఎంత అని.

చేప తాజాదో కాదో అమ్మకి చీటీతో పని లేదు. చెయ్యి చాపి మొప్ప ఎత్తబోయింది, నేను ఆపేలోపే కొట్టావిడ "నో నో సెన్యోరా" అని అడ్డుకుంది. నాకు గుండె ఆగింది. కానీ ఆవిడకి విషయం అర్థమైంది, గ్లౌజు వేసుకున్న వేలితో తనే మొప్ప ఎత్తి అమ్మ వైపు తిప్పి చూపించింది, ఎర్రగా నెత్తురు రంగులో ఉంది, తర్వాత పొట్ట మీద వేలితో నొక్కి వదిలింది, గుంట పడలేదు, అమ్మ తల ఊపింది, ఆవిడా తల ఊపి తూకం వేసేసింది. ఒక్క మాట లేదు ఇద్దరి మధ్య. కాబట్టి మీరు ముట్టుకోవద్దు, మొప్ప వైపు వేలు చూపించండి, చూపిస్తారు.

కోయించుకోవడం కూడా నేర్చుకుని వెళ్ళాలి. "లింపియో, పోర్ ఫవోర్" అంటే పొలుసు, పొట్ట తీసి శుభ్రం చేస్తారు, దానికి విడిగా డబ్బులు ఉండవు. "ఎన్ రొదాహాస్" అంటే అడ్డంగా ముక్కలు, మన పులుసుకి అదే కావాలి, లేకపోతే ముల్లు తీసి పల్చటి రెక్కల్లా కోసి ఇచ్చేస్తారు. తలకాయ కావాలంటే "లా కబేసా తంబియెన్" అని కచ్చితంగా చెప్పండి. చెప్పకపోతే కొన్ని కొట్లలో తల తీసి పక్కన పడేస్తారు, తలకాయ లేని పులుసు పులుసేనా. చింతపండు మాత్రం ఈ పాత మార్కెట్లలో దొరకదు, ఆసియా వాళ్ళ కిరాణా కొట్లో తెచ్చుకున్నాం. బస చేసిన చోట పొయ్యి ఉంటేనే ఈ చేపల కొనుగోలు, హోటల్ రూమైతే చూసి, తినేవి కొనుక్కుని రండి.

మాంసం కొనేవాళ్ళకి నాలుగు పేర్లు చాలు. పోయో కోడి, కొర్దేరో గొర్రె, సెర్దో పంది, తెర్నేరా అంటే లేత గొడ్డు మాంసం. గొడ్డు మాంసం, పంది మాంసం తినని ఇళ్ళవాళ్ళు "కార్నే పికాదా" అనే కైమా జోలికి వెళ్ళకండి, చాలాసార్లు రెండూ కలిపి ఉంటుంది. సాసేజీలు, ఎర్రటి చొరీసోలు దాదాపు అన్నీ పందివే. మన వాళ్ళకి బోటీ, తలకాయ, కాళ్ళు ఇష్టమైతే "కాస్కెరియా" అని బోర్డున్న కొట్టు వెతకండి, అన్నీ కడిగి తెల్లగా పెట్టి ఉంటాయి.

శాకాహారులకి ఒక ముఖ్యమైన మాట. "కార్నే" అంటే మాంసం వద్దు అంటే సరిపోదు, వాళ్ళ లెక్కలో పంది హామ్ వేరు, ట్యూనా చేప వేరు. సలాడ్ అడిగితే పైన ట్యూనా చల్లి తెస్తారు, కూర అడిగితే హామ్ ముక్కలు తగులుతాయి, క్రోకేతాలు చూడ్డానికి బంగాళాదుంప బజ్జీల్లా ఉన్నా లోపల ఎక్కువగా హామే. అందుకని ఒక్కోటీ విప్పి చెప్పండి, "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, సిన్ అతూన్", మాంసం, చేప, హామ్, ట్యూనా ఏవీ లేకుండా అని. హాయిగా తినగలిగేవి చాలానే ఉన్నాయి. రొట్టె మీద పచ్చి టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసింది, ఊరగాయ కొట్లో ఆలివ్ కాయలు, కానీ వాటిల్లో కొన్నిట్లో గింజ తీసి నెత్తళ్ళు కూరుతారు, అడిగి తీసుకోండి, నూనెలో వేయించి ఉప్పు చల్లిన పద్రోన్ పచ్చిమిరపకాయలు, పదింట్లో ఏ ఒక్కటో మండుతుంది. గుడ్డు తినేవాళ్ళకి తోర్తీయా అని బంగాళాదుంపల మందపాటి అట్టు. మార్కెట్ లోపలే బార్ కౌంటర్లు ఉంటాయి, బార్ అంటే మందు షాపు అనుకోకండి, టీకొట్టూ టిఫిన్ సెంటరూ అన్నీ అదే, పొద్దున్న పదీ పదకొండు మధ్య అక్కడి పనివాళ్ళు కూర్చుని పెద్ద రొట్టె తింటారు, వాలెన్సియాలో ఎస్మొర్సారెత్ అంటారు ఆ రెండో టిఫిన్‌ని, ఆ టైములో వెళ్ళి కూర్చుంటే భోజనం రెండింటి దాకా ఆగగలరు, అక్కడ అందరూ అప్పుడే తింటారు.

తుంగ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎండు సరుకు కొట్లో ఒక గోనెలో చిన్న చిన్న ముడతల గోలీల్లాంటివి ఉన్నాయి, గోధుమరంగు, శనగ గింజంత. అమ్మ వంగి చూసి "ఇవి తుంగగడ్డలు కదే" అంది. నేను కొట్టిపారేశాను. సాయంత్రం తమ్ముడిని అడిగితే అవి చూఫా అట, నిజంగానే తుంగ జాతి మొక్క గడ్డలు. మనం వరి చేలో తుంగ మొలిస్తే కూలీలని పెట్టి పీకించి గట్టు మీద పడేస్తాం, అది వేరే రకం తుంగే గానీ చుట్టరికం ఉంది. వాళ్ళు వాలెన్సియా ఆనుకుని ఉన్న అల్‌బొరాయా చుట్టుపక్కల పొలాలు దున్ని మరీ దీన్ని పండిస్తారు, నానబెట్టి, రుబ్బి, వడకట్టి, పంచదార వేసి ఓర్చాతా అని చల్లటి పానీయం చేస్తారు. పాలు ఉండవు అందులో. జీడిపప్పు పాలకీ పచ్చికొబ్బరి పాలకీ మధ్య రుచి, అంబాజీపేట కొబ్బరి తాగి పెరిగిన నాలుక్కి వెంటనే నచ్చుతుంది. పక్కన ఫార్తోన్ అని పొడుగాటి మెత్తటి బన్ను ఇస్తారు, ముంచుకుని తినాలి. మూడు వారాల్లో అమ్మ కాఫీ తర్వాత అడిగి తాగింది అదొక్కటే.

బియ్యం కొట్టు దగ్గర కాసేపు ఆగండి. అల్బుఫేరా చుట్టూ వరి చేలే, మేలో విత్తుతారు, సెప్టెంబర్‌లో కోతలు. బోంబా అని పొట్టి గుండ్రటి గింజ, చాలా నీళ్ళు తాగినా చిట్లదు, అందుకే రేటెక్కువ. సెనియా ఇంకో రకం, ఇళ్ళల్లో బాగా వాడతారు, రుచి బాగా పడుతుంది గానీ రెండు నిమిషాలు ఎక్కువైతే మెత్తబడిపోతుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో 1982లో వచ్చిన స్వర్ణ రకం బియ్యం తిని బతికిన వాళ్ళం, మనకి పొడిపొడి అన్నం ఒక అలవాటు, ఇది వేరే లోకం, కూరతో కలుపుకునే అన్నం కాదు, కూరలోనే ఉడికే అన్నం. దాన్నే పయేయా అంటారు, వెడల్పాటి పెనంలో వండుతారు, వండేటప్పుడు నీళ్ళు పోశాక గరిటె పెట్టి కలపకూడదు, అడుగున పట్టిన మాడుచెక్కని సొకర్రాత్ అని ఇష్టంగా గీక్కుని తింటారు, మా ఇంట్లో గిన్నె అడుగు కోసం చిన్నప్పుడు తమ్ముడూ నేనూ కొట్టుకున్నట్టే. మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో ఆ వెడల్పాటి పెనాలు అమ్ముతారు. ఇంకోటి గుర్తుంచుకోండి, కుంకుమపువ్వు కొట్లో "కొలొరాంతే" అని పసుపు పొడి చవకగా దొరుకుతుంది, అది రంగు మాత్రమే, కుంకుమపువ్వు కాదు. అసలుది కావాలంటే పొడి తీసుకోకుండా "ఏబ్రాస్" అంటే రేకలు అడగండి, లా మాంచా ప్రాంతానిదైతే డబ్బా మీద ఆ ముద్ర ఉంటుంది, గ్రాముల లెక్కన కొనండి.

వీలుంటే గురువారం వెళ్ళండి. మార్కెట్ ఎదురుగానే లోంహా అని పాత పట్టు వర్తకుల భవనం, మెలితిరిగిన స్తంభాలతో, 1996లో యునెస్కో జాబితాలో చేరింది, అది చూసుకుని పది నిమిషాలు నడిస్తే కెథీడ్రల్. గురువారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి ఆ కెథీడ్రల్ గుమ్మం దగ్గర నీళ్ళ పంచాయితీ కూర్చుంటుంది, త్రిబునల్ దె లాస్ అగ్వాస్. ఎనిమిది కాలవల రైతుల తరఫున ఎనిమిది మంది పెద్దలు నల్ల చొక్కాలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు, నీళ్ళ తగాదాలుంటే అక్కడే నోటి మాటగా విని అక్కడే తీర్పు, వాదన వాళ్ళ వాలెన్సియా భాషలోనే. తగాదాలు లేని రోజు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. 2009లో దీనికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తైన దగ్గర్నుంచి కాలవ నీళ్ళ మీద బతుకుతున్న మనం, శివారు చేలకి నీళ్ళు అందక రాత్రిపూట తూముల దగ్గర కాపలా కాసిన మనం, అది చూడకుండా రాకూడదండి. నా మాట నమ్మండి.

వాలెన్సియా వెళ్ళనివాళ్ళకి మిగతా ఊళ్ళ గురించి క్లుప్తంగా. బార్సెలోనాలో లా బొకేరియా పేరున్నది, రాంబ్లా వీధి మీద ఉంటుంది, 1840లో మొదలైంది, జనం విపరీతం, 15 మందికి మించిన టూరిస్టు గుంపులు శుక్ర శనివారాల్లో పొద్దున పూట రాకూడదని 2015లో రూలు కూడా పెట్టారు, అక్కడి వాళ్ళు కూరలు కొనుక్కునే వీల్లేకుండా పోతోందని. వెళ్తే ఎనిమిదింటికే వెళ్ళండి, బ్యాగు ముందుకి వేసుకోండి, రాంబ్లాలో జేబుదొంగలు నిజం. అదే ఊళ్ళో సాంతా కతరీనా మార్కెట్ ప్రశాంతంగా ఉంటుంది, రంగురంగుల అలల పైకప్పు. మాడ్రిడ్‌లో సాన్ మిగేల్ 1916 నాటి ఇనుప కట్టడం, అందమైనదే కానీ 2009 నుంచి అది తినే చోటు, సంచి పట్టుకుని వెళ్ళే మార్కెట్ కాదు, మామూలు మార్కెట్ కావాలంటే ఆంతోన్ మార్తీన్ గానీ మారవీయాస్ గానీ వెళ్ళండి. మాలగాలో అతరాసానాస్‌కి పాత అరబ్బుల ఓడల షెడ్డు ద్వారమే గుమ్మం.

ఫోటోలు తీసేముందు ఏదో ఒకటి కొనండి, తర్వాత "ప్వేదో అసేర్ ఊనా ఫోతో?" అని అడగండి. కొన్నవాళ్ళు అడిగితే కాదన్న మనిషి మాకు తగల్లేదు, ఒకాయనైతే పక్కకి జరిగి ఆర్టిచోకులనే కూరగాయలు సర్ది మరీ తియ్యమన్నాడు.

తెచ్చుకోవడానికి బరువు లేనివి చూసుకోండి. నేను కుంకుమపువ్వు రెండు చిన్న డబ్బాలు, పిమెంతోన్ దె లా వేరా మూడు డబ్బాలు తెచ్చాను, అది ఓక్ కట్టెల పొగ మీద ఎండబెట్టిన మిరప పొడి, మూడు రకాలు, దుల్సే అంటే కారం లేనిది, అగ్రిదుల్సే మధ్యరకం, పికాంతే కారంది. మనకి పికాంతే కూడా పెద్ద కారం అనిపించదు, పొగ వాసన కోసమే అది. కాగుతున్న నూనెలో నేరుగా వేస్తే వెంటనే మాడి చేదెక్కుతుంది, పొయ్యి ఆపేసి వెయ్యాలి. అమ్మ ఒకసారి బెండకాయ వేపుడు దించాక చిటికెడు చల్లింది, అప్పట్నుంచి ఆ డబ్బా పోపుల పెట్టె పక్కనే ఉంటోంది, రెండోది అయిపోవచ్చింది.